కొత్త బారెల్ వేసిన 1885 లోవాల్: ఈ గురి పాత రైఫిల్‌దా, కొత్త బారెల్‌దా?

లోవాల్_ఓహాయో:
అందరికీ నమస్కారం. నాలుగేళ్ల క్రితం ఇక్కడ ఓహాయోలో ఒక వేలంలో వించెస్టర్ 1885 లోవాల్ (పక్క గోడలు తక్కువ ఎత్తున్న రకం) రైఫిల్ కొన్నాను. జాన్ బ్రౌనింగ్ 1879లో పేటెంట్ తీసుకున్న సింగిల్ షాట్ (ఒక్కో తూటా చేత్తో నింపి కాల్చే) డిజైన్ ఇది. వించెస్టర్ 1885 నుంచి 1920 దాకా తయారు చేసింది. సీరియల్ నంబరు ప్రకారం నాది 1898 కంటే ముందుది. పైనంతా చక్కగా ఉంది కానీ బారెల్ లోపలంతా తుప్పు గుంటలే. అప్పటి .22 తూటాల ప్రైమింగ్ (దెబ్బకు ముందుగా అంటుకునే మందు) కాలాక బోర్‌లో ఉప్పు మిగిలేది, తేమ తగిలితే అదే ఇనుమును తినేసేది. తుప్పు పట్టించని ప్రైమింగ్ 1920ల చివర్లో గానీ రాలేదు. 50 గజాల్లో నా గుళ్లు మూడంగుళాల లోపు ఎప్పుడూ పడలేదు.

చివరికి గన్‌స్మిత్ చేత కొత్త బారెల్ వేయించాను. పాతదానిలాగే ఎనిమిది పలకలది, లోపలి మెలిక గాడులు 16 అంగుళాలకు ఒక చుట్టు, .22 లాంగ్ రైఫిల్ అనే తూటాకు సరిపోయే చాంబర్. పాత బారెల్‌కు నూనె పట్టించి, గుడ్డ చుట్టి దాచాను.

మొన్న శనివారం బెంచ్ మీద ఇసుక సంచులు పెట్టి, స్కోప్ బిగించి, 50 గజాల్లో ఐదేసి గుళ్ల గ్రూపులు (ఒకే గురికి వరుసగా కాల్చినవి ఒక గ్రూపు) ఐదు కాల్చాను. అన్నిటికంటే మంచిది 0.41 అంగుళం, అంటే ఆ ఐదు గుళ్లూ అంత దగ్గరగా పడ్డాయి. ‘130 ఏళ్లు దాటిన రైఫిల్ ఇలా కొడుతోంది’ అని సంతోషంగా చెబితే క్లబ్బులో ఒక పెద్దాయన ‘అది రైఫిల్ గొప్ప కాదు, బారెల్ గొప్ప’ అన్నారు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. మీరేమంటారు?

పాత_ఇనుము:
ఆయన అన్నదే నా మాట కూడా. గుండుకు చుట్టు ఇచ్చేది, దారి చూపేది బారెల్. అది మారాక మీరు కొలిచింది కొత్త ఇనుమునే. ఇంకో బాధ కూడా ఉంది. పాత బారెల్ మీద వించెస్టర్ ముద్రలు, కేలిబర్ గుర్తు, సైట్ల గాడులు ఉంటాయి. బోర్‌ను పెద్దది చేసి లోపల కొత్త లైనర్ గొట్టం అతికిస్తే అవన్నీ అలాగే ఉండేవి. అమెరికాలో పాత .25 స్టీవెన్స్ రైఫిళ్లను ఎంతోమంది ఇలాగే .22కి మార్చుకుని బతికించుకున్నారు, ఎందుకంటే 1942 తర్వాత ఆ తూటా తయారీయే ఆగిపోయింది. మీరు బారెల్ పారేయలేదు, అందుకు సంతోషం.

కొలతల_మనిషి:
ఎవరి గురి అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ గురి ఎంతో తేలాలి కదా. మిగతా నాలుగు గ్రూపులు ఎంతండీ?

లోవాల్_ఓహాయో:
0.62, 0.88, 1.02, 0.79. 1.02 వచ్చినప్పుడు గాలి వీచిందనుకున్నాను.

కొలతల_మనిషి:
అనుకున్నారు, కానీ 0.41 వచ్చినప్పుడు గాలి ఆగిందో లేదో చూసుకోలేదు. మనందరం చేసే పొరపాటే ఇది. మంచిది వస్తే రైఫిల్ ఖాతాలో వేస్తాం, చెడ్డది వస్తే గాలి ఖాతాలో వేస్తాం. ఐదూ కలిపితే సగటు 0.74 అంగుళం. మీ రైఫిల్ గురించి ఇప్పటికి చెప్పగలిగింది అదే.

ఇందులో లెక్క ఉంది. గ్రూపులో అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు గుళ్ల మధ్య దూరమే మనం కొలిచేది. గుళ్లు పెరిగేకొద్దీ ఆ దూరం పెరగక తప్పదు. అదే రైఫిల్‌తో మూడు గుళ్ల గ్రూపు సగటున ఒక అంగుళం వస్తే, ఐదు గుళ్లది సుమారు 1.27, పది గుళ్లది 1.58 వస్తుంది. రైఫిల్‌లో ఏమీ మారదు. పైగా ఐదు గుళ్ల గ్రూపు ఒక్కోటీ సగటుకు అటూ ఇటూ పాతిక శాతం ఊగడం మామూలే. అందుకే 0.41 అబద్ధం కాదు, 1.02 కూడా అబద్ధం కాదు. రెండూ ఒకే రైఫిల్‌వి.

పది గుళ్ల గ్రూపులు నాలుగు కాల్చండి. ఒక్క గుండు కూడా వదలకుండా లెక్కలో వేయండి. వీలైతే గ్రూపు మధ్య బిందువు నుంచి ప్రతి గుండు ఎంత దూరంలో పడిందో కొలిచి సగటు తీయండి. అప్పుడు నలభై గుళ్లూ సాక్ష్యం చెబుతాయి, అన్నిటికంటే దూరంగా పడ్డ రెండే కాదు. మీ సంఖ్యలను బట్టి పది గుళ్లకు 0.92 దగ్గర వస్తుందని నా అంచనా.

హైదరాబాద్_ప్రోన్:
నేను ఇక్కడ 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే పోటీ) ఆడతాను. మా టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం కూడా లేదు. ఇసుక సంచుల మీద పెట్టి స్కోప్‌తో కాలిస్తే ఆ రైఫిల్ మనిషి చేతిలో ఎలా ఉంటుందో తెలియదు. ఆ కాలంలో ఇలాంటివి పీప్ సైటుతో (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది), భుజానికి ఆనించి కాల్చడానికే చేశారు. స్లింగ్ (చేతికి బిగించే పట్టీ) వేసుకుని, స్కోప్ లేకుండా ఐరన్ సైట్లతో కాల్చిన ఫలితం కూడా పెట్టండి అన్నా.

మీ దగ్గర ఈ మార్పిడి ఎంత తేలికో చూస్తే ఆశ్చర్యంగా ఉంది. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం కింద తుపాకీ భాగాలు కూడా ఆయుధాలే. బారెల్ మార్చాలన్నా లైసెన్సున్న చోటికే వెళ్లాలి.

కొలతల_మనిషి:
తమ్ముడూ, అది మంచి పరీక్షే, కానీ వేరే పరీక్ష. మనిషి వణుకు కలిస్తే రైఫిల్ తప్పు ఎంతో విడదీయలేం. ముందు బెంచ్, తర్వాత స్లింగ్.

టెక్సాస్_లేత్:
నేను లేత్ పని చేసేవాణ్ణి, పాత సింగిల్ షాట్లు కొన్ని చేతిమీదుగా వెళ్లాయి. ‘బారెల్ గురి మాత్రమే’ అన్న మాటతో నేను ఏకీభవించను. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలో ప్రైమింగ్ మందు అడుగు అంచు లోపల చుట్టూ ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును బారెల్ వెనక ముఖానికేసి నొక్కి చితక్కొడితేనే అంటుకుంటుంది. అంచు మందం సుమారు 0.043 అంగుళం. తూటా వెనక మూసే బ్లాక్ అరిగి వెనక ఖాళీ కొంచెం పెరిగినా, పిన్ కొన అరిగినా, ఒక దెబ్బ గట్టిగా, ఒకటి మెత్తగా పడుతుంది. దాంతో వేగం మారుతుంది. 50 గజాల్లో సెకనుకు 30 అడుగుల తేడా అంటే నిలువుగా దాదాపు పావు అంగుళం. ఎంత మంచి బారెల్ వేసినా ఆ పావు అంగుళాన్ని దాచలేదు.

ఇంకోటి. తొలి రోజుల 1885లలో హామర్‌ను తోసే చదును స్ప్రింగ్ బారెల్ అడుగునే పట్టుకుని ఉంటుంది. ముందు చెక్క స్క్రూ కూడా బారెల్‌లోకే దిగుతుంది. అంటే బారెల్ ఎలా కంపిస్తుందన్నది పాత యాక్షన్‌తో (బ్లాక్, హామర్, పిన్ ఉండే భాగం) ముడిపడి ఉంది. బయటి హామర్ బరువుగా పడటం, అది పడేలోపు గురి కదలడం కూడా పాతదాని లక్షణాలే. మీ గ్రూపులు నిలువుగా సాగాయా, అడ్డంగా సాగాయా? కాల్చిన ఖాళీ కేసుల అంచు మీద పిన్ గుర్తులు ఒకేలా ఉన్నాయా? ఇవి చూడకుండా కొలిస్తే సగం పరీక్షే.

పాత_ఇనుము:
ఇది నేను ఆలోచించలేదు. కానీ ఆ తేడా యాక్షన్‌దని ఎలా తేలుస్తారు? తూటాల లాట్‌దే (ఒకే విడతలో తయారైన బ్యాచ్) కావచ్చుగా. ఒకే కంపెనీ, ఒకే పెట్టె రంగు, లాట్ నంబరు మారితే గురి మారిపోతుంది. లపువా వాళ్లు అరిజోనాలోని మేసాలో లాట్లు పరీక్షించుకోవడానికే ఒక కేంద్రం నడుపుతున్నారు.

టెక్సాస్_లేత్:
అదే లాట్‌ను, అదే రోజు, నమ్మకమైన బోల్ట్ రైఫిల్‌లో కూడా కాల్చాలి. రెండిటికీ క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) పెట్టాలి. తూటా ఒకటే కాబట్టి మిగిలే తేడా రైఫిల్‌దే. ఒక జాగ్రత్త: బ్రాండు మార్చితే మొదటి పదిహేను, ఇరవై గుళ్లు లెక్కలో వేయకండి. పాత గుళ్ల మైనం పోయి కొత్తది పట్టాలి.

లోవాల్_ఓహాయో:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. గాలి లేని ఉదయం కోసం ఆగాను. గంటకు పది మైళ్ల అడ్డగాలి 50 గజాల్లో గుండును సుమారు ఒక అంగుళం నెడుతుంది. అలాంటి రోజున కొలిచి లాభం లేదనిపించింది.

లోవాల్‌తో ఒకే లాట్ తూటాలు, పదేసి గుళ్లు, నాలుగు గ్రూపులు: 0.97, 0.84, 1.08, 0.91. సగటు 0.95. కొలతల మనిషి గారూ, మీరు 0.92 అన్నారు! నలభై గుళ్లనూ ఒకే కాగితం మీదికి ఎక్కించి చూస్తే గుళ్ల మచ్చ నిలువుగా సాగి ఉంది, అడ్డం బాగా తక్కువ. ట్రేసింగ్ పేపర్ ఎత్తి చూసినప్పుడు చేతులు కాస్త వణికాయి. నాలుగేళ్లుగా చూస్తున్న రైఫిల్ మొదటిసారి నాతో మాట్లాడినట్టనిపించింది.

క్రోనోగ్రాఫ్: లోవాల్‌లో అతి ఎక్కువకూ అతి తక్కువకూ తేడా సెకనుకు 45 అడుగులు. మిత్రుడి బోల్ట్ రైఫిల్‌లో అదే లాట్‌కు 24. కేసులు వరుసగా పెట్టి భూతద్దంతో చూశాను. ఏడెనిమిదింటి మీద పిన్ గుర్తు మిగతా వాటికంటే లోతు తక్కువ. స్లింగ్‌తో, పీప్ సైటుతో పదిగుళ్ల గ్రూపులు రెండు: 1.9, 2.3. అది నా గురి, రైఫిల్‌ను అనడానికి లేదు.

పాత_ఇనుము:
అయితే నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. అడ్డం బారెల్‌ది, నిలువులో ఎక్కువ భాగం పాత యాక్షన్‌ది అనుకోవాలి. ‘కొత్త బారెల్ గురి మాత్రమే’ అన్నది తప్పు. కానీ ‘130 ఏళ్ల రైఫిల్ 0.41 కొడుతుంది’ అని కూడా ఇక అనకండి. ‘కొత్త బారెల్, పాత యాక్షన్, పది గుళ్లకు 0.95’ అని రాసుకోండి. ఎవరికైనా అమ్మితే కొన్నవాళ్లకూ అదే చెప్పండి.

టెక్సాస్_లేత్:
పిన్ కొన సరిచేయించాక మళ్లీ ఇదే లాట్‌తో కాల్చండి. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు.

లోవాల్_ఓహాయో:
అందుకే ఆ లాట్‌వి ఆరు పెట్టెలు పక్కన పెట్టాను. పిన్‌కు రెండు. తర్వాత పాత బారెల్‌కు లైనర్ వేయించి, తిరిగి ఎక్కించి కాల్చడానికి రెండు. మిగిలిన రెండూ స్లింగ్ సాధనకు, హైదరాబాద్ తమ్ముడి మాట మీద.