మొదటి ఏడాది విద్యార్థులను సీనియర్లకు దూరంగా ఉంచడం మేలేనా?

ఒక తండ్రి, ఖమ్మం:
మా అబ్బాయికి ఈ ఏడాది ఈఏపీసెట్ కౌన్సెలింగులో హైదరాబాదు సమీపంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో సీటు వచ్చింది. అక్కడ ర్యాగింగ్ జరగకుండా మొదటి ఏడాది వారికి ప్రత్యేక హాస్టల్ ఉందనీ, సీనియర్లను ఆ గేటు దాటనివ్వరనీ, భోజన వేళలు కూడా వేరుగా పెట్టారనీ చెప్పారు. అది విని నా మనసు కుదుటపడింది. అయితే ఇంజనీరింగ్ పూర్తిచేసిన మా బంధువుల అమ్మాయి మాత్రం, ఇలా విడదీసిన చోటే చాలామంది మొదటి సెమిస్టరులో దిక్కుతోచక సబ్జెక్టులు తప్పుతారని అంటోంది. అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

ఒక తల్లి, గుంటూరు:
విడిగా ఉంచడమే సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2015 జులైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదువుతున్న ఒక అమ్మాయి హాస్టల్లో ప్రాణాలు తీసుకున్నప్పుడు మా ప్రాంతమంతా కలతచెందింది. 2023 ఆగస్టులో కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో, చేరి ఎన్నాళ్లూ కాకముందే ఒక కుర్రవాడు హాస్టల్ భవనం పైనుంచి పడి మరణించాడు. చదువు ముగిసిన పాత విద్యార్థులు కూడా అదే హాస్టల్లో ఉంటూ వచ్చారని తరువాత బయటపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చినా, రాత్రివేళ పిల్లల గది తలుపు తట్టేవారిని ఆ క్షణాన ఆపేది గేటుకు వేసిన తాళం, అక్కడ కాపలా ఉన్న మనిషి మాత్రమే. ఒక సబ్జెక్టు తప్పితే మళ్లీ రాసుకోవచ్చు.

ఒక అధ్యాపకురాలు, కాకినాడ:
గుంటూరు అమ్మగారి మాటలో ఉన్న భయం నిజమైనది, దానిని తేలికగా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. అయినా యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనలను మన కళాశాలలు సగమే చదువుతున్నాయని నా అభిప్రాయం. కొత్తవారిని వీలైనంత వరకు ప్రత్యేక హాస్టల్ బ్లాకులో ఉంచాలని చెప్పిన ఆ నిబంధనలే, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన సీనియర్లతో మెంటరింగ్ సెల్ (కొత్తవారికి దారి చూపే బృందం) ఏర్పాటు చేసి, ప్రతి ఆరుగురు కొత్త విద్యార్థులకు ఒక మెంటర్‌ను ఇవ్వాలని కూడా చెప్పాయి. కొత్తవారిని చిన్న బృందాలుగా విభజించి ఒక్కో బృందాన్ని ఒక అధ్యాపకునికి అప్పగించాలనీ, ఆయన వారిలో ప్రతి ఒక్కరితో రోజూ మాట్లాడి కష్టసుఖాలు తెలుసుకోవాలనీ, సీనియర్లూ జూనియర్లూ కలిసే స్వాగత సభ వీలైతే మొదటి రెండు వారాల్లోనే జరగాలనీ వాటిలోనే ఉంది. గోడ కట్టడం, తాళం వేయడం తనిఖీకి కనిపించే పనులు కాబట్టి అవి జరుగుతున్నాయి. మనుషులను కలిపే పని మాత్రం కాగితం మీద ఆగిపోతోంది.

ఈ లోటు మన పిల్లలకు మరింత బరువుగా తగలడానికి కారణం వారు గడిపి వచ్చిన రెండేళ్ల ఇంటర్మీడియట్. కార్పొరేట్ రెసిడెన్షియల్ కళాశాలలో తెల్లవారుజామున లేపడం మొదలు స్టడీ అవర్ ముగిసి దీపాలు ఆర్పే వరకు ప్రతి గంటనూ వేరెవరో నిర్ణయిస్తారు. చేతిలో ఫోను ఉండదు, వారం వారం పరీక్షా ర్యాంకూ తప్పవు, ఏకాగ్రత అంతా బిట్ల మీదే. అలా వచ్చిన పిల్లవాడికి బీటెక్‌లో సాయంత్రం తరగతులు ముగిశాక ఏం చేస్తున్నావని అడిగేవారే ఉండరు. నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటి గుర్తించడం అలవాటైన చేతికి పేజీల కొద్దీ సమాధానం రాయవలసి వస్తుంది, ఎన్నడూ చూడని డ్రాఫ్టరు అనే గీత పరికరంతో ఇంజనీరింగ్ డ్రాయింగ్ గీయవలసి వస్తుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారైతే సి ప్రోగ్రామింగ్ ల్యాబులో తర్కం అర్థమైనా వైవా అనే మౌఖిక పరీక్షలో నోరు తెరవలేక మార్కులు పోగొట్టుకుంటారు. హాజరు 75 శాతం ఉండాలని అందరూ వింటారు గానీ, సరైన కారణం చూపితే 65 వరకు మినహాయింపు దొరుకుతుందనీ, అంతకన్నా తగ్గితే డిటెయిన్ అయ్యి ఆ సెమిస్టరును తరువాతి బ్యాచితో మళ్లీ చదవాలనీ చాలామందికి ఆలస్యంగానే తెలుస్తుంది. ఇవన్నీ ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) చెప్పిన మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమంలో వినిపిస్తాము. కానీ వేదిక మీద మేము చెప్పినదాని కన్నా, నిరుడు అదే ఇబ్బంది పడిన విద్యార్థి పక్కన కూర్చుని చెప్పినదే పిల్లలకు పట్టుబడుతుంది.

మూడో ఏడాది విద్యార్థి, వరంగల్:
మేడమ్ గారి మాటకు ఒకటి చేర్చాలి. ప్రాంగణంలో కలవనివ్వనంత మాత్రాన పరిచయాలు ఆగవు. వాట్సాప్‌లోనో, బయటి టీ కొట్టు దగ్గరో, కాలేజీ బస్సులోనో జరుగుతాయి, అక్కడ చూసే అధ్యాపకుడు ఉండడు. పైగా ప్రైవేటు కళాశాలల్లో చాలామంది ఊళ్లోని ప్రైవేటు హాస్టళ్లలో ఉంటారు, అక్కడ అన్ని ఏళ్ల వారూ ఒకే అంతస్తులో కనిపిస్తారు.

ఒక తల్లి, గుంటూరు:
పగటిపూట లైబ్రరీలోనో ల్యాబులోనో, అధ్యాపకుల కళ్ల ముందు కలిస్తే నాకు అభ్యంతరం లేదు. రాత్రి హాస్టల్ విషయంలో మాత్రం నా మాట మారదు. ఇంతకూ ఆ మెంటర్లను ఎవరు ఎంచుతారు? పెత్తనం చేయాలని ఉబలాటపడేవారే ముందుగా చేయి ఎత్తరని నమ్మకం ఏమిటి?

ఒక అధ్యాపకురాలు, కాకినాడ:
మంచి ప్రశ్న అడిగారు. రాత్రి గేటు మూసి ఉండాలన్న విషయంలో నాకు మీతో భేదం లేదు. మెంటర్ల ఎంపిక విద్యా సంవత్సరం చివరిలోనే, అంటే కొత్తవారు రాకముందే, తీరికగా జరగాలి; క్రమశిక్షణ ఫిర్యాదు ఒక్కటి ఉన్నా పేరు తీసేయాలి; ఎవరు ఎవరికి మెంటరో తల్లిదండ్రులకు కూడా రాతపూర్వకంగా తెలియాలి. ఖమ్మం నుంచి అడిగిన పెద్దాయన చేరిక రోజున కళాశాలవారిని అడగవలసింది ఆ జాబితానే. అది చూపలేని కళాశాల మీకు హాస్టల్ ఎంత బాగా చూపించినా సగం పనే చేసినట్టు లెక్క. ఇంకొక మాట, మెంటర్లుగా టాపర్లనే తీసుకోవడం మన దగ్గర ఉన్న అలవాటు. మొదటి ఏడాదిలో రెండు మూడు బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) మిగిలి, సప్లిమెంటరీ రాసి, వాటిని దాటి నిలదొక్కుకున్న విద్యార్థులను కూడా తప్పక తీసుకోవాలి, ఎందుకంటే ఎక్కడ కాలు జారుతుందో టాపరు కన్నా వారికే బాగా తెలుసు.