అప్‌డేట్: కుంటలో వాలిస్నేరియా కుళ్లిపోవడం, కారణం దొరికింది

తోట కుంటలో తొట్లలో నాటిన స్థానిక వాలిస్నేరియా (నీళ్లలో మునిగి పెరిగే, రిబ్బన్ లాంటి ఆకుల మొక్క) మొదలంటా కుళ్లుతోందని, నీళ్లు పచ్చబడుతున్నాయని ఇక్కడే అడిగాను. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. "మొదలు మట్టిలో పూడిందేమో చూడండి" అన్న సలహానే పనిచేసింది. ఆకులూ వేళ్లూ కలిసే తెల్లటి భాగం మట్టికి పైన కనబడాలి, పూడితే కుళ్లుతుంది. తొట్లలోని ఎరువు మట్టి కూడా తీసేశాను. పచ్చనీళ్లకు మూలం అదే, పోషకాలు నీళ్లలోకి దిగి నాచును పెంచుతాయి. ఇప్పుడు ఎరువు కలపని బంకమట్టి, చేపలు తవ్వకుండా పైన 2 సెం.మీ. కడిగిన సన్న గులకరాళ్లు. నీటి లోతు 40 సెం.మీ. కొత్త ఆకులొచ్చాయి, పక్క పిలకలు పాకుతున్నాయి. (నాటిన కొత్తలో పాత ఆకులు కొన్ని ఎలాగూ మెత్తబడి కరుగుతాయి, మొక్కను పీకేయకండి.) హార్న్‌వర్ట్ అనే మరో నీటిమొక్కకైతే వేళ్లే ఉండవు, నీళ్లలో వదిలేస్తే చాలు. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార స్థాయి), పంపు మీద మొదట వచ్చిన అనుమానాలకు ఈ కుళ్లుతో సంబంధం లేదు.