ప్రపంచం కడుపు నింపాలంటే మన చెల్కల్లో (ఎర్ర మెట్ట నేలల్లో) కూడా వరేనా?

మిర్యాలగూడ పోరడు:
2022 నవంబర్‌లో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. 2050కి 970 కోట్ల దాకా పోతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. ఇంతమందికి తిండి ఎక్కడినుంచి వస్తుంది? ఎకరాకు దిగుబడి పెంచాల్సిందే. సాగర్ ఎడమ కాల్వ వచ్చాకే మా దగ్గర వరి, వరితో మిల్లులు, నాలుగు పనులు వచ్చాయి. ఇప్పుడేమో వరి తగ్గించమంటున్నారు, ఎందుకు తగ్గించాలి?

దేవరకొండ చెల్క:
తమ్మీ, నీది కాల్వ కింద, మాది బోరు కింద. యాసంగిలో ఏప్రిల్ వచ్చేసరికి బోరు కాసేపు పోసి ఆగిపోతుంది, మళ్లీ ఊరేదాకా చూసి మోటర్ వెయ్యాలి, చివరి మడి ఎండుడే. ప్రపంచంలో మనుషులు తోడుకునే మంచినీళ్లలో దాదాపు 70 శాతం వ్యవసాయానికే పోతున్నాయి. బియ్యం ఎగుమతి అంటే మా బోరు నీళ్లు ఓడ ఎక్కినట్టే. పైగా 2023లో దాదాపు 70 కోట్ల జనం ఆకలితో ఉన్నారు, అదే ఏడాది జులైలో మన దేశం గోదాముల నిండా బియ్యం పెట్టుకుని బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. గింజలు లేకనా ఆకలి?

మిర్యాలగూడ పోరడు:
అన్నా, 1960ల్లో అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూసిన దేశం మనది. ఐఆర్-8 లాంటి ఎక్కువ దిగుబడినిచ్చే వరి వంగడాలు రాకపోతే ఈ గోదాములే లేవు. దిగుబడిని తిట్టడం తేలిక.

పాలమూరు అక్క:
మీ ఇద్దరి లెక్కలు బాగున్నాయి గానీ, వరి వద్దంటే ఏం వెయ్యాలో చెప్పండి. జొన్న అంటారు. 2024-25లో మద్దతు ధర క్వింటాలు జొన్నకు 3,371, వడ్లకు 2,300, కాగితం మీద జొన్నే పైన. కానీ వడ్లయితే ఊళ్లోనే కొనుగోలు సెంటర్ పెట్టి కాంటా వేస్తారు, తేమ 17 శాతం దాటిందని తిప్పి పంపినా ఆరబోసి మళ్లీ పట్టుకుపోవచ్చు. జొన్నలు పట్టుకుని ఎక్కడికి పోవాలి? ఇంకోటి ఎవరూ చెప్పరు, పిట్టలు. ఊరంతా వేస్తే తలా కొంచెం తింటాయి, ఒక్కరే వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ చేనుమీదే. గింజ పాలు పోసుకున్నప్పటి నుంచి పొద్దున్నే మంచె ఎక్కి వడిసెల తిప్పాలి, తిప్పే మనుషులు హైదరాబాద్‌లో, ముంబైలో ఉన్నారు.

దేవరకొండ చెల్క:
అదే అంటున్నా అక్కా, కొనేవాడుంటే ఊరంతా వేస్తుంది. నారాయణపేట దాటితే కర్ణాటక, అక్కడ రేషన్‌లో జొన్నలు, రాగులు కూడా ఇచ్చారు. మనకు 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు కదా, అందులో ఒక కిలో జొన్నలు పెట్టలేరా?

మిర్యాలగూడ పోరడు:
పెడితే తింటారా, అమ్ముకుంటారా?

పాలమూరు అక్క:
మా అత్త తింటుంది. పిల్లల సంగతి అడగకు తమ్మీ.