శిక్ష లేనోళ్ళకి జైలెందుకు?

కావలి_కుర్రోడు:
వీసా అయిపోయిన విదేశీయుల్ని, శిక్ష తీరినా సొంత దేశం కాగితాలు పంపనోళ్ళను మామూలు జైల్లో ఉంచడం తప్పని నిన్న టీకొట్టు దగ్గర అన్నా. అందరూ మీద పడ్డారు. నెల్లూరు పక్కన చెముడుగుంటలో సెంట్రల్ జైలుండగా వీళ్ళకి ఇంకో బిల్డింగెందుకంట. మీరేమంటారు?

సింగరాయకొండ_బాబాయ్:
వాళ్ళు చెప్పిందే రైటబ్బాయా. బయటికొదిలితే తెల్లారేసరికి యాడుంటాడో ఎవురికి తెలుసు? అప్పు కట్టనోణ్ణి సివిల్ జైల్లో పెట్టట్లా? వాడేం నేరం చేశాడని?

కావలి_కుర్రోడు:
బాబాయ్, అప్పు కేసులో ఎంత గుంజినా 3 నెలలే. పైగా లోపలున్నోడి బత్తా (తిండి ఖర్చు) అప్పిచ్చినోడే కట్టాలి, ఆపితే వదిలేస్తారు. విదేశీయుడికి ఆ లెక్క ఏదీ? 2012లో భీంసింగ్ కేసులో సుప్రీంకోర్టు, శిక్ష తీరినోళ్ళను జైల్నుంచి తీసి ఆంక్షలతో వేరే చోట పెట్టమంది. అయినా అస్సాంలో 6 జైళ్ళలోనే డిటెన్షన్ సెంటర్లు (విదేశీయులని తేల్చినోళ్ళను ఉంచే చోట్లు) నడిచాయి. అక్కడి మాటియాలో విడిగా కట్టిన క్యాంపుకి జనాన్ని మార్చడం 2023లో మొదలైంది. యాడుంటాడో అన్నావే, 2019లో అదే కోర్టు ఆ సెంటర్లలో 3 ఏళ్ళు దాటినోళ్ళను వదలమంటా దానికీ దారి చూపింది: వేలిముద్రలు, వారం వారం స్టేషన్లో కనపడటం, లక్ష చొప్పున ఇద్దరి జామీను. (లక్షకి నిలబడే చుట్టం కూలోడికి యాడ దొరుకుతాడు? మరుసటేడు 5 వేలకు దించారులే.)

ఉదయగిరి_పిల్ల:
మా చిన్నాన్న కువైట్లో డ్రైవరు. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) జీతం ఎగ్గొడుతుంటే బయటికొచ్చేశాడు. అకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, పోయింది. యజమానిని వదిలి కాగితాల్లేకుండా ఉండేవాణ్ణి మనోళ్ళ మాటలో కల్లివెల్లి అంటారు. చెకింగులో పట్టుకుని లోపలేశారు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, టికెట్టు ఎవరు కొనాలో తేలదు. మా వీధిలోనే ఒకామె మొగుడికి కొట్లాట కేసులో 6 నెలలు పడింది. ఆమె క్యాలెండర్లో రోజుకో గడి కొట్టేస్తా ఉండేది. మా పిన్ని కూడా క్యాలెండర్ ముందు నిలబడేది, చేతిలో పెన్సిలుతో. ఏ గడి దాకా కొట్టాలి?

సింగరాయకొండ_బాబాయ్:
వచ్చాడామ్మా మీ చిన్నాన్న?

ఉదయగిరి_పిల్ల:
వచ్చాడు బాబాయ్. 134 రోజులని ఇప్పుడు చెప్పగలుగుతున్నాం.

సింగరాయకొండ_బాబాయ్:
సరే, తేదీ పెట్టమను. బిల్డింగుకి మాత్రం నేనొప్పుకోను.