గుట్టలకి ‘డౌన్స్’ అని పేరేమిటి?

మర్రిచెట్టు: ఇంగ్లండు దక్షిణాన సౌత్ డౌన్స్, నార్త్ డౌన్స్ అని సుద్దరాతి గుట్టల వరసలున్నాయి. పైకెక్కాల్సిన వాటికి ‘డౌన్’ ఏమిటండీ? పక్కనున్న పల్లాన్ని చూసి పెట్టారంటాడు మా తమ్ముడు.

పాతరాత: పల్లం కాదు. పాత ఇంగ్లీషులో ‘డూన్’ అంటే కొండ. ‘ఆఫ్ డూనె’ అంటే కొండమీంచి. అదే అరిగి ‘అడౌన్’, చివరికి ‘డౌన్’ అయింది. ‘కిందికి’ అనే అర్థమే కొండ దిగి వచ్చింది.

దిన్నెవాసి: ఇసుకదిన్నెని ఇంగ్లీషులో ఏమంటారు? డ్యూన్. దిన్నె, డ్యూన్, డూన్. ఇంకేం రుజువు కావాలి? మా కడప పక్కనే చింతకొమ్మదిన్నె ఉంది.

సరదారావు: డౌన్ సిండ్రోమ్ కూడా ఇదేనా?

పాతరాత: కాదు, అది జాన్ లాంగ్‌డన్ డౌన్ అనే డాక్టరు పేరు. దిన్నెవాసి గారూ, డ్యూన్ ఇంగ్లీషులోకి డచ్చి నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. దారిలో కడప ఎక్కడ తగిలింది? కెల్టిక్ (ఐర్లండు వైపు పాత భాషల కుటుంబం)లో కోట అనే అర్థమున్న ‘డూన్’కీ, కొండ అనే ఇంగ్లీషు ‘డూన్’కీ చుట్టరికం ఏమిటన్నదే పండితుల పేచీ. ఐర్లండులో కౌంటీ డౌన్‌కి పేరొచ్చింది ఆ కోట నుంచే, కొండ నుంచి కాదు.

బ్రైటన్_కోడలు: మా ఇంటికి దగ్గర్లోనే సౌత్ డౌన్స్‌లోని డిచ్లింగ్ బీకన్ గుట్ట, 248 మీటర్ల ఎత్తు. పైన చెట్లు తక్కువ, గొర్రెలు కొరికిన పొట్టి గడ్డి. వాన పడిందా, సుద్ద జిగటగా బూట్లకి పట్టుకుని అడుగు జారుతుంది. ఇక్కడివాళ్లు ‘అప్ ఆన్ ద డౌన్స్’ అంటారు, ఎవరికీ వింతగా ఉండదు.

దిన్నెవాసి: కోడలమ్మా, గొర్రెల సంగతి తర్వాత. పాతరాతా, నువ్వెప్పుడూ ఇంతే. మొన్న మా ఊరి పేరు గురించి మా తాత చెప్పింది రాస్తే నవ్వే బొమ్మ పెట్టి పోయావు. తెల్లోడు అచ్చేస్తే శాస్త్రం, మా తాత చెబితే పుక్కిటి పురాణమా?

పాతరాత: తాతగారి మీద నాకేం కోపం? ‘డూన్’కి వెయ్యేళ్లు దాటిన రాతలున్నాయి. దిన్నె ఆ రోజుల్లో అక్కడికి ఎలా చేరిందో చెప్పండి, వింటాను.

సరదారావు: ఓడెక్కి 🙂

దిన్నెవాసి: చూశారా, మళ్లీ నవ్వులు. డ్యూన్ ఎటు పోతే నాకేంటి? వింటానన్న ముక్క ఆ రోజు అనుంటే మా ఊరి శాసనం ఫొటో పెట్టేవాణ్ణి.

పాతరాత: శాసనం ఉందా! ముందే చెప్పొద్దూ? ఆ థ్రెడ్‌లోనే పెట్టండి.

దిన్నెవాసి: దానికి తాళం పడింది. ఫిర్యాదు చేసి వేయించింది నువ్వే.