కొత్తగా పరుగు మొదలుపెట్టినవారు వారానికి ఎన్ని రోజులు పరుగెత్తాలి, ఎన్ని రోజులు ఆగాలి?

ప్రశ్న (కానిస్టేబుల్ అభ్యర్థి, హనుమకొండ)

అందరికీ నమస్కారం. డిగ్రీ పూర్తిచేసి కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాను. 2022 నాటి తెలంగాణ నోటిఫికేషన్ ప్రకారం పురుష అభ్యర్థులు 1600 మీటర్ల పరుగును 7 నిమిషాల 15 సెకన్లలో ముగించవలసి ఉండింది. రాబోయే నోటిఫికేషన్‌లోనూ దాదాపు అదే నియమం ఉండవచ్చునన్న అంచనాతో ఇప్పటినుంచే కాలేజీ గ్రౌండ్‌కు వెళుతున్నాను. ఇంతకుముందు నాకు పరుగు అలవాటు లేదు. నాలుగు రౌండ్లు ఆగకుండా పూర్తిచేయగలుగుతున్నాను గాని, సమయం తొమ్మిది నిమిషాలు దాటుతోంది.

ఇక్కడ సాధన చేసేవారిలో కొందరు ఆదివారం కూడా వదలకుండా రోజూ గడియారం చూసుకుని పరుగెత్తాలని, ఒక్కరోజు ఆగినా స్టామినా పడిపోతుందని అంటున్నారు. మరికొందరు రోజు విడిచి రోజు చాలునంటున్నారు. నేను మొదటివారి మాట ప్రకారం నడుచుకుంటున్నాను. ఆయాసం తగ్గిన మాట నిజమే గాని, రెండు కాళ్లకూ మోకాలి కింది ముందరి ఎముక లోపలి అంచు వెంట నొప్పి మొదలైంది. పరుగెత్తుతూ ఉంటే షిన్ పెయిన్ దానంతట అదే పోతుందని చెబుతున్నారు. వారానికి ఎన్ని రోజులు పరుగెత్తాలో, ఎన్ని రోజులు విశ్రాంతి తీసుకోవాలో, అందుకు కారణమేమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (వ్యాయామ ఉపాధ్యాయుడు, కరీంనగర్)

తమ్ముడూ, నీవు రాసిన దానిలోనే కారణం ఉంది. ఆయాసం తగ్గింది, ఎముక నొప్పి పెట్టింది. గుండె, ఊపిరితిత్తులు, రక్తప్రసరణ కొద్ది వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముకలు, వాటిని కండరాలతో కలిపే స్నాయువులు అలవాటు పడటానికి నెలలు పడుతుంది. కొత్తవారికి ఎక్కువ దెబ్బలు తగిలేది ఈ నడిమి కాలంలోనే, ఎందుకంటే ఊపిరి ఇంకా పరుగెత్తగలనంటూ ఉండగా కాళ్లు దానికి ఇంకా సిద్ధమై ఉండవు.

పరుగులో ప్రతి అడుగుకూ మన బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి కాలిమీద పడుతుంది. ఆ తాకిడికి ఎముక గట్టిపడేది నిజమే, అయితే ముందుగా అలసిన పాత భాగం కరిగి, ఆ తరువాతే ఆ చోట కొత్త ఎముక ఏర్పడుతుంది. ఈ చక్రం పూర్తికావడానికి మూడు నాలుగు నెలలు పట్టవచ్చు. అంటే సాధన మొదలుపెట్టిన తొలి వారాల్లో ఎముక కొన్నిచోట్ల మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే విరామం లేకుండా రోజూ పరుగెత్తితే సన్నని చీలిక రావచ్చు. ఇది సైనికులలో ఎప్పటినుంచో ఉన్న సమస్య. కవాతు చేసే సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడాన్ని ప్రష్యా (నాటి జర్మన్ రాజ్యం) సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లోనే నమోదు చేశాడు. అది పాదపు ఎముకలలోని చీలిక అని స్పష్టంగా తెలిసింది మాత్రం 1895లో ఎక్స్‌రే కనుగొన్న తరువాతే. పోలీసు ఈవెంట్స్‌కు సిద్ధమయ్యే మన పిల్లల పరిస్థితీ దానికి భిన్నం కాదు. ప్రతి నోటిఫికేషన్ సమయంలో మంచి ఊపిరి ఉన్న పిల్లలు కాలి నొప్పితో గ్రౌండ్ అంచున కూర్చోవడం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

కాబట్టి నొప్పి తగ్గాక మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు పరుగెత్తు. సోమ, బుధ, శుక్ర లేదా మంగళ, గురు, శని ఏవైనా సరే, రెండు పరుగుల మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉండాలి. ఇది పిరికివారి లెక్క కాదు. పరుగు తెలియనివారి కోసం జోష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో రూపొందించిన కౌచ్ టు 5కె (సోఫా నుంచి 5 కిలోమీటర్ల పరుగుకు) అనే ప్రణాళిక కూడా వారానికి మూడు రోజులదే. అందులో తొలివారం ఐదు నిమిషాల వేగపు నడక తరువాత ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక చొప్పున ఇరవై నిమిషాలు సాగుతుంది. నీవు తొమ్మిది నిమిషాలు ఆగకుండా పరుగెత్తగలవు గనుక ఐదు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టి, మెల్లగా ఇరవై అయిదు నిమిషాల ఏకధాటి పరుగుకు చేరుకోవచ్చు. వేగం ఎంత ఉండాలంటే, పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత. మాట తెగిపోతూ ఉంటే వేగం తగ్గించు.

రోజూ నాలుగు రౌండ్లు గడియారం పెట్టుకుని పరుగెత్తడాన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అది రోజూ పరీక్ష రాయడమే తప్ప చదవడం కాదు. మూడో నెలనుంచి నాలుగో రోజును చేర్చి, ఆ నాలుగింటిలో ఒక్క రోజు మాత్రం వేగసాధన చేయి. 7 నిమిషాల 15 సెకన్లంటే 400 మీటర్ల రౌండుకు ఒక నిమిషం 48 సెకన్ల చొప్పున పడుతుంది. ఆ వేగంతో ఒక రౌండు పరుగెత్తి, రెండు మూడు నిమిషాలు నడిచి, మళ్లీ మరొకటి, అలా నాలుగైదు సార్లు. పూర్తి 1600 మీటర్లను మూడు నాలుగు వారాలకొకసారి కొలుచుకుంటే సరిపోతుంది.

సమాధానం (ఫిజియోథెరపిస్టు, విజయవాడ)

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. నొప్పి గురించి మాత్రం కొంత చెప్పవలసి ఉంది, ఎందుకంటే పరుగెత్తుతూ ఉంటే పోతుందన్న సలహా ప్రమాదకరమైనది. ఎముక లోపలి అంచు వెంట నాలుగైదు వేళ్ల వెడల్పున, లేదా అంతకంటే పొడవునా విస్తరించిన నొప్పి, పరుగు మొదట్లో ఉండి శరీరం వేడెక్కాక తగ్గేదైతే, అది సాధారణంగా ఎముకపై పొరకు, దాన్ని అంటుకున్న కండరాలకు కలిగిన ఒత్తిడి. అది తాకిడి తగ్గిస్తే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అలాకాక వేలి కొనతో చూపించగలిగే ఒకే చోట నొప్పి, పరుగు సాగేకొద్దీ పెరిగే నొప్పి, ఒంటికాలిపై గెంతితే కలుక్కుమనే నొప్పి, రాత్రి పడుకున్నప్పుడు కూడా వదలని నొప్పి ఉంటే పరుగు వెంటనే ఆపి ఎముకల వైద్యుని చూడాలి. చీలిక తొలి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు గనుక, ఎక్స్‌రే బాగానే ఉందని తిరిగి గ్రౌండ్‌కు వెళ్లకండి. అవసరమైతే వైద్యులు ఎమ్మారై రాస్తారు.

నడకలో నొప్పి లేకుండా ఉండేవరకు పరుగు మానండి. ఆ రోజుల్లో సైకిల్ తొక్కవచ్చు, ఈత వస్తే ఈదవచ్చు. మడమలు పైకెత్తి దించే వ్యాయామం పిక్కలను బలపరుస్తుంది.

ప్రశ్నించిన అభ్యర్థి

సార్, మేడమ్, ఇద్దరికీ కృతజ్ఞతలు. నొప్పి చాలా వెడల్పుగానే ఉంది, గెంతినప్పుడు ఇబ్బంది లేదు. ఇంకొక్క సందేహం. ఇన్ని రోజులు ఆగితే వచ్చిన ఊపిరి పోదా? తిరిగి మొదలుపెట్టినప్పుడు వారానికి పది శాతం మించి పెంచకూడదని అంటారు, అది నిజమేనా?

సమాధానం (వ్యాయామ ఉపాధ్యాయుడు, కరీంనగర్)

రెండు మూడు రోజుల విశ్రాంతితో ఊపిరి తగ్గదు. దాదాపు రెండు వారాలు ఏ వ్యాయామమూ లేకుండా ఉంటేనే చెప్పుకోదగ్గ తగ్గుదల మొదలవుతుంది. సైకిల్ తొక్కుతూ ఉంటే అదీ చాలావరకు నిలుస్తుంది. పది శాతం నియమం గుర్తుంచుకోవడానికి బాగుంటుంది గాని, అదే రక్షిస్తుందని నమ్మవద్దు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన ఐదు వందల మందికి పైగా వ్యక్తులపై చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పది శాతం చొప్పున 13 వారాలు పెంచినవారిలోనూ, ఎనిమిది వారాల్లోనే పెంచినవారిలోనూ ఐదుగురిలో ఒకరికి గాయమైంది. అంకెకన్నా నీ కాలు మరునాడు ఉదయం ఎలా ఉందన్నదే నమ్మదగిన కొలమానం. మంచం దిగి వేసే తొలి అడుగుల్లో నొప్పి ఉంటే ఆ రోజు పరుగు లేదనుకో.

సమాధానం (మహిళా అభ్యర్థి, విజయనగరం)

మా ఆంధ్రప్రదేశ్‌లో 2022 నోటిఫికేషన్‌లో మహిళలకు 1600 మీటర్లకు 10 నిమిషాల 30 సెకన్లు ఇచ్చారు. ఇది చదివే అక్కచెల్లెళ్లకు ఒక మాట. విశ్రాంతి రోజులు పాటిస్తున్నా ఆయాసం, నీరసం తగ్గకపోతే సాధన చాలలేదనుకుని రోజులు పెంచకండి, ముందు రక్తపరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే వైద్యుల సలహాతో ఐరన్ వాడాలి. నెలసరి ఆగిపోవడం పరుగు బాగా సాగుతోందనడానికి గుర్తు కాదు. శ్రమకు తగిన తిండి అందడం లేదని, ఎముకలు పలచబడే ప్రమాదముందని దాని అర్థం. మా గ్రౌండ్‌లో దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.