సమస్యాపూరణం: ‘ఒకటి తగ్గినంత నొంటి యయ్యె’

సమస్య (ఆటవెలది నాలుగవ పాదం):
ఒకటి తగ్గినంత నొంటి యయ్యె

నియమం: జంటలో ఒకరు పోగా మరొకరు ఒంటరి కావడమనే అర్థం అందరికీ తోచేదే కాబట్టి, దానిని విడిచి, ఒకటి, తాను తప్ప వేరే భాజకాలు లేని పెద్ద ప్రధాన సంఖ్యల పరంగానే పూరించవలసి ఉంటుంది.

పూరణ 1

రెండు మీద రెండు రెట్టించి పెంచగా
భాగహారమందు పగులు సంఖ్య
ముప్పదొకటి ఘాతమున నిల్చినంతలో
ఒకటి తగ్గినంత నొంటి యయ్యె.

సమీక్ష: రెండు యొక్క 31వ ఘాతం (31 రెండ్ల లబ్ధం) నుండి ఒకటి తీయగా వచ్చే 2147483647 ప్రధాన సంఖ్య అని 1772లో గణితవేత్త ఆయిలర్ నిరూపించిన సంగతిని ముచ్చటగా పట్టుకున్నారు. దానికి ప్రధాన భాజకమంటూ ఉంటే 248తో భాగించినప్పుడు 1 గాని 63 గాని శేషంగా మిగలాలని తేల్చుకుని, 46340 లోపు అటువంటి వాటినే పరీక్షించడం వల్ల ఆయన శ్రమ ఎంతో తగ్గింది. ఇక పద్యం విషయానికి వస్తే, గణాలు, యతులు సరిగానే ఉన్నాయి గాని, ‘నిల్చినంతలో’, ‘తగ్గినంత’ పక్కపక్కన పడి వినసొంపుగా లేవు. పైగా ‘లో’ తరువాత అచ్చు రావడంతో సంధి తప్పింది. ‘ఘాతమున నిల్చి యుండగా / నొకటి’ అంటే రెండు దోషాలూ తొలగుతాయి.

పూరణ 2

అరువదేడు ఘాతమందు నమ్మిరి గాని
భాజకమ్ము లచట బయటపడెను;
విరిగినట్టి దాని వింతగా నెట్లంటి
రొకటి తగ్గినంత నొంటి యయ్యె?

సమీక్ష: సమస్యను ప్రశ్నగా మార్చి దాని మీదికే తిప్పికొట్టిన ఈ పూరణ నాకు అన్నింటికంటె నచ్చింది. రెండు యొక్క ఏ ఘాతాలలో ఒకటి తగ్గిస్తే ప్రధాన సంఖ్య వస్తుందో చెబుతూ 1644లో గణితవేత్త మెర్సెన్ ప్రకటించిన జాబితాలో 67 ఉన్నది. 1876లో ల్యూకాస్ అది చెల్లదని చూపాడు గాని, భాజకాలేవో చెప్పలేదు. 1903లో కోల్ 193707721, 761838257287 అనే రెండింటిని గుణించి చూపిన తరువాతే అవి బయటపడ్డాయి. అయితే ‘నమ్మిరి’ ప్రథమపురుష, ‘అంటిరి’ మధ్యమపురుష కావడం వల్ల ఎవరిని నిలదీస్తున్నారో తెలియడం లేదు. మొదటి పాదాన్ని ‘అరువదేడు ఘాతమందు నమ్మితి రౌర’ అని సవరిస్తే పద్యమంతా ఆ మెర్సెన్ గారినే సంబోధిస్తుంది. గణాలకూ భంగం ఉండదు.

పూరణ 3

ఒకటి వెనుక సున్న లొరసి నిల్చిన రాశి
సున్న లన్ని మాసి సొంపుగాను
వరుస నొకటు లయ్యె, భాజకమ్ములు లేక
యొకటి తగ్గినంత నొంటి యయ్యె.

సమీక్ష: సున్న, ఒకటి అనే రెండంకెలతోనే వ్రాసే ద్విసంఖ్యామానంలో రెండు యొక్క ఘాతాలన్నీ ఒకటి వెనుక సున్నలే కాబట్టి, ఒకటి తీయగానే అన్నీ ఒకట్లుగా మారడం చక్కని భావన. 2024లో కనుగొన్న ఇటువంటి ప్రధాన సంఖ్యను ఈ విధంగా వ్రాస్తే 136279841 ఒకట్లు వరుసకడతాయి. మామూలు దశాంశ పద్ధతిలోనైతే దానికి 41024320 అంకెలు. కాని పద్యం చెప్పినట్లు ప్రతిసారీ జరగదు. నాలుగు ఒకట్లు 15, అంటే మూడైదులు. ఒకట్ల లెక్క ప్రధాన సంఖ్య కానిదే ఫలితం ప్రధానం కాదు; అయినంత మాత్రాన సరిపోదు కూడా, ఎందుకంటే పదకొండు ఒకట్ల 2047ను 23, 89 విడగొడుతున్నాయి. ‘సొంపుగాను’ పాదపూరణకు తప్ప దేనికీ పనికిరాలేదు.

కవి సవరణ:

ఒకటి వెనుక సున్న లొరసి నిల్చిన రాశి
సున్న లన్ని మాసి చోద్య మొదవ
వరుస నొకటు లయ్యె, భాగ్యమై యొకవేళ
నొకటి తగ్గినంత నొంటి యయ్యె.

సమీక్ష: ‘భాగ్యమై యొకవేళ’ అన్న మాటతో గణితం కుదిరింది, పద్యమూ నిలిచింది. ఇటువంటి సంఖ్య ప్రధానమో కాదో తేల్చే ల్యూకాస్–లేమర్ పరీక్షను ఇంతవరకు పూరణలలో ఎవరూ ముట్టుకోలేదు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, రెండు తీసి, పరీక్షించే సంఖ్యతో భాగించగా వచ్చిన శేషాన్ని మళ్లీ అదే దారిలో నడిపిస్తూ పోతే, ఘాతం కంటె రెండు తక్కువ మార్లకు సున్న వచ్చినప్పుడు ఆ సంఖ్య ప్రధానం. 31 (రెండు యొక్క అయిదవ ఘాతంలో ఒకటి తక్కువ) విషయంలో 4, 14, 8, 0 అని మూడు అడుగులలో తేలిపోతుంది. ఈ నడకను మూడు పాదాలలో ఇమిడ్చి, నాలుగవ పాదానికి అన్వయం చెడకుండా చేర్చగలవారు పూరణ పంపవచ్చు.